ఉప్పు చాలని పులుసు

విశాఖపట్నం
9-3-1956

చిరంజీవి సౌభాగ్యవతి మరదలు లోవమ్మకు వదిన అచ్చాయమ్మ దీవెనలు.

మా తమ్ముణ్ణి అంబాజీపేటలో దిగబెట్టి మీ అన్నయ్యగారు నిన్న తిరిగొచ్చారు. గుమ్మంలో దిష్టి తీస్తూ అమ్మ ఒకటే ఏడ్చిందట. నువ్వు మాత్రం ఏడవకుండా వేణ్ణీళ్ళు తోడిపెట్టావట. ఆ మాట విన్నాక నాకు సగం దిగులు తీరింది.

మిగతా సగం తీరాలంటే నేను చెప్పేది చెవిన పెట్టు. ఈ పార్సెల్లో నెలకి సరిపడా బిళ్ళలున్నాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఇది ఫ్రాన్సు దేశంలో కొత్తగా కనిపెట్టిన మందు. ఇది రాకముందు ఇలాంటి జబ్బు చేసినవాళ్ళు మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కడం అరుదని డాక్టరుగారే అన్నారు. ఆయన దీనికి స్కిజోఫ్రీనియా అని ఒక ఇంగ్లీషు పేరు చెప్పారు. అది పలకడానికి నాకు వారం పట్టింది, నీకు అక్కర్లేదు. గాలి కాదు, చేతబడి కాదు, జబ్బు. ఆ ముక్క అమ్మకి చెప్పు. చెప్పినా నమ్మదనుకో, అయినా చెప్పు.

బిళ్ళ మానేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఎనిమిది నెలలు వాణ్ణి ఇక్కడి ఆసుపత్రిలో ఉంచి, ప్రతి ఆదివారం వెళ్ళి చూసి, గేటు దగ్గర వదిలేసి వెనక్కి తిరిగి నడిచేదాన్ని. ఇంకోసారి అలా నడవడం నా వల్ల కాదు లోవా.

నెలనెలా వాడెలా ఉన్నాడో రాయి. అది చూసే డాక్టరుగారు మళ్ళీ బిళ్ళలు రాసిస్తారు.

ఇట్లు
నీ వదిన
అచ్చాయమ్మ


అంబాజీపేట
14-4-1956

పూజ్యులైన వదినగారికి లోవమ్మ నమస్కరించి రాస్తున్న సంగతులు.

మిషను బడిలో ఐదో తరగతితో ఆగిపోయిన చేతిరాత. తప్పులుంటే సర్దుకోండి. సర్దుకోకుండా ఏరుతూ కూర్చుంటారని తెలుసు, అయినా రాస్తున్నాను.

మేమంతా క్షేమం. బిళ్ళ ఒక్కపూట కూడా తప్పలేదు. అత్తగారు ఆ డబ్బాకి పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచారు. జబ్బని చెప్పాను. "జబ్బే లేవే, ఎవరు కాదన్నారు? ఆ జబ్బు ఎవరు పెట్టేరో అదే నేనడిగేది" అన్నారు.

మీ తమ్ముడు ఎవరినీ తిట్టడం లేదు. అన్నంలో ఏదో కలిపానని కంచం తోసెయ్యడం లేదు. కాలవ గట్టు వైపు చెవి పెట్టి కూర్చోవడం లేదు. పొద్దున లేస్తారు, కూర్చోమన్నచోట కూర్చుంటారు, పడుకోమంటే పడుకుంటారు. నడిచేటప్పుడు చేతులు ఊగవు. గ్లాసు పట్టుకుంటే వేళ్ళు వణుకుతాయి. వీధిలోవాళ్ళంతా "మాణిక్యాలరావు ఎంత నెమ్మదైపోయేడండీ" అని మెచ్చుకుంటున్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను వదినగారూ. మూడేళ్ళ తరవాత తలుపు గడియ పెట్టకుండా నిద్రపోతున్నాను. ఇది అబద్ధం కాదు.

కానీ ఒక్క సంగతి రాయాలి. మీ తమ్ముడి నోరు ఎలాంటిదో మీకు తెలుసు కదా. పెళ్ళైన కొత్తలో నేనేం వండినా ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని, "చింతపండు పాతది", "పోపు మాడింది", "ఇంకో ఉప్పుకల్లు పడాల్సింది" అనేవారు. ఆ వంకలకి నేను ఎన్నిసార్లు పుట్టింటికి పోతానని బెదిరించానో లెక్కలేదు. ఇప్పుడు ఏం పెట్టినా "బాగుంది" అంటున్నారు. మొన్న బొమ్మిడాయిల పులుసులో కావాలనే ఉప్పు వెయ్యలేదు. ఒక్క ఉప్పుకల్లు కూడా వెయ్యలేదు. మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, "బాగుంది" అన్నారు.

ముందు నవ్వొచ్చింది. తరవాత దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆయనకి మళ్ళీ ఏదైనా బాగుండకపోవాలని నా కోరిక. ఇలాంటి కోరిక కోరిన ఆడదాన్ని మీరెక్కడా చూసి ఉండరు.

మీ
లోవమ్మ


విశాఖపట్నం
25-4-1956

చిరంజీవి లోవమ్మకు దీవెనలు.

ఉత్తరం అందింది. మొదటి సగం చదివి మీ అన్నయ్యగారికి మిఠాయి తెప్పించమని చెప్పాను. రెండో సగం చదివి వద్దన్నాను.

ఉప్పు కోసం ఏడుస్తున్నావా లోవా? నీకు గుర్తు లేకపోతే నేను చెబుతాను. మిట్టమధ్యాహ్నం, ఊరందరూ చూస్తుండగా, వాడు కాలవలో పీకల్లోతు నీళ్ళలో నిలబడి, అవతలి గట్టు నుంచి ఎవరో పిలుస్తున్నారని నవ్వుకుంటూ ఇంకా ముందుకు నడిచాడు. పుట్టింటికొచ్చి ఉన్న నేను చీరతోనే దూకాను. వాడి జుట్టు నా గుప్పిట్లోకి దొరక్కపోతే ఈ ఉత్తరాలు మనకి ఉండేవి కావు. ఆ రోజు నుంచి నాకు వాడు ప్రాణాలతో ఉంటే చాలు. చప్పిడి కూడు తింటే తిననీ.

డాక్టరుగారు ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడన్నాను. "బాగున్నాడంటే?" అని మళ్ళీ అడిగారు. గొడవ చెయ్యడం లేదు, తింటున్నాడు, నిద్రపోతున్నాడు అన్నాను. ఆయన ఇంకా ఏదో అడగబోయారు కానీ బయట జనం ఉన్నారని నేనే లేచి వచ్చేశాను. బిళ్ళలు పంపుతున్నాను. ఒక్కటి తగ్గించినా ఊరుకోను.

వాడికి ఏదైనా చిన్న పని చూపించు. ఖాళీగా కూర్చుంటే మనిషి ఇంకా మొద్దుబారిపోతాడు.

నీ వదిన
అచ్చాయమ్మ


అంబాజీపేట
28-5-1956

వదినగారికి నమస్కారాలు.

మీరు కాలవ సంగతి రాసినందుకు నాకేమీ కోపం లేదు. ఆ గట్టు మీద నేనూ ఉన్నాను. మీరు దూకారు, నాకు కాళ్ళు రాలేదు. కానీ డాక్టరుగారు అడిగినప్పుడు "బాగున్నాడు" అని లేచి రావడమేమిటండీ? నేను అంత ఉత్తరం రాసింది మీరు ఒక్క ముక్కలో తేల్చెయ్యడానికా? ఉప్పు సంగతి చెప్పాల్సింది. ఆయన నవ్వితే నవ్వేవారు.

మీరన్నట్టే పని చూపించాను. కొండయ్యగారి కొబ్బరి కొట్టులో చేరారు. చేలు లేనివాళ్ళం, మనకి తెలిసిన పని అదే కదా. కొట్టిన కొబ్బరి చిప్పలు ఎండలో పరిచి, గంటకోసారి తిరగేస్తూ, కాకుల్ని తోలాలి. కూర్చోమంటే కూర్చునే మనిషి, తిరగెయ్యమంటే తిరగేస్తున్నారు. కొండయ్యగారు మంచివారు, గదమాయించరు.

మూడు వారాలు బాగా జరిగింది. పోయిన మంగళవారం ఇంటికొచ్చేసరికి మొహం, మెడ, చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మర్నాటికి పొక్కులు లేచాయి. అత్తగారు చూస్తూనే చెంపలు వేసుకుని, "అమ్మవారు దయచేసిందే" అన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టేశాం. పోపు లేదు, చేప లేదు, ఇంటికి మనిషి రావడం లేదు. అమ్మవారు ఉండగా ఇంట్లో మందు ముట్టుకోకూడదు కనుక బిళ్ళల డబ్బా ఉట్టి మీదకెక్కింది. నేను అడ్డం చెప్పబోతే, "బిళ్ళ నెలయ్యాకైనా ఏసుకోవచ్చు, తల్లికి కోపమొస్తే మనిషుంటాడా?" అన్నారు. అమ్మవారంటే నాకూ భయమే.

ఒక వింత చూడండి. పొక్కులు మొహం మీద, మెడ మీద, మోచేతుల నుంచి కిందికి ఉన్నాయి కానీ బనీను ఉన్నంత మేర ఒక్కటీ లేదు. మన ఇంటికొచ్చినావిడ సిగ్గరి అమ్మవారిలా ఉంది.

ఇంకో వింత మీకు రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. బిళ్ళ ఆపాక ఆయన మొహంలోకి మనిషి వచ్చాడు. నిన్న నేను వేపమండతో విసురుతుంటే "చాల్లేవే, చలేస్తంది" అన్నారు. పొద్దున పెరుగన్నం పెడితే "తోడు పులిసింది" అన్నారు. వదినగారూ, నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నేను పొంగిపోతున్నాను. తప్పైతే తప్పే.

మీ
లోవమ్మ


విశాఖపట్నం
1-6-1956

లోవా,

ఆశీస్సులు తరవాత. అది అమ్మవారు కాదు.

నీ ఉత్తరం పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. బనీను మాట చదవగానే ఆయన తల కొట్టుకున్నారు. ఈ బిళ్ళ వేసుకున్నవాళ్ళు ఎండలో ఉంటే బట్ట లేనిచోటల్లా చర్మం అలా కాలి పొక్కుతుందట. వాడితో ఎండలో పని చేయించమని ఎవరు చెప్పారని అడిగారు. నేనే చెప్పానన్నాను. ఎండ మాట మీకు ముందే చెప్పాల్సింది అని ఆయన కూడా అన్నారు.

ఈ ఉత్తరం అందిన గంటలో బిళ్ళ మొదలుపెట్టు. వాణ్ణి నీడపట్టున ఉంచు. వాడు పెరుగుకి వంక పెట్టాడని నువ్వు పొంగిపోతున్నావు. ఆ వెనకాల ఏమొస్తుందో నాకు తెలుసు. అమ్మకి కోపమొచ్చినా సరే, అమ్మవారికి కోపమొచ్చినా సరే.

అచ్చాయమ్మ


అంబాజీపేట
22-6-1956

వదినగారికి నమస్కారాలు.

ఇప్పుడు ఇంట్లో అంతా కుదుటపడింది. ముందుగా అది చెప్పి మిగతాది రాస్తున్నాను.

మీరన్నదే జరిగింది. మీ ఉత్తరం వచ్చేసరికే ఆయన మాటలు నాతో తగ్గి ఇంకెవరితోనో ఎక్కువయ్యాయి. నిద్ర పోయింది. పెరుగు పులిసిందన్న మనిషే రెండు రోజుల తరవాత అందులో ఏం కలిపావని అడిగారు. కంచం నా వైపు తోసి, "ముందు నువ్వు తిను" అన్నారు. తిన్నాను. అయినా ముట్టుకోలేదు. నా చేతి కూడు తినని రోజు మళ్ళీ వస్తుందనుకోలేదు. ఆ పొంగంతా ఎటు పోయిందో పోయింది.

మీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను, ఆఖరి వాక్యం తప్ప. నేను ఉట్టి మీద చెయ్యి వెయ్యబోతే ఆపి, "అలాక్కాదే. అమ్మవారో కాదో మనకేం తెలుసు? పిలిచేం, పీటేసేం, వేపమండ కట్టేం. ఒచ్చినావిణ్ణి మర్యాదగా పంపకుండా మందు తీత్తే బాగుంటాదా?" అన్నారు. సరే పంపుదాం, ఎన్నాళ్ళు పడుతుంది అన్నాను. "ఎన్నాళ్ళేంటి, ఇప్పుడే" అని లేచారు.

ఆ పూటే చలిమిడి చేసి, పెరుగన్నం కలిపి, ఆయనకి పసుపునీళ్ళు పోసి, వేపమండలు విప్పి, ఊరి పొలిమేరలో అమ్మవారిని సాగనంపి వచ్చారు. వచ్చి ఆ పెరుగన్నం ప్రసాదంలోంచి ఒక ముద్ద చేసి, అందరికీ కనపడేలా దాని మీద బిళ్ళ పెట్టి కొడుకు ముందు చెయ్యి చాపారు. ఆయన అనుమానంగా చూసి, "ఏంటమ్మా అది?" అన్నారు. "బిళ్ళ నాయనా. నీ బిళ్ళే. నేనేం దాచట్లేదు. ఎల్తూ ఎల్తూ తల్లి ఇమ్మంది" అన్నారు. ఆయన ఆవిడ మొహం చూశారు, చెయ్యి చూశారు, తిన్నారు. వదినగారూ, అత్తగారికి ఎదురు మాట్లాడకూడదని మా అమ్మ ఎందుకు చెప్పిందో ఆ రోజు తెలిసింది.

రెండు వారాలకి నిద్ర పట్టింది. నా చేతి అన్నం తింటున్నారు. మళ్ళీ "బాగుంది" మొదలైంది.

ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను, అసలు లోపల ఎలా ఉంటుందని. ఇన్నాళ్ళూ మీకెలా ఉందో, నాకెలా ఉందో రాసుకున్నాం కానీ ఆయనకి ఎలా ఉందో ఎవరం అడగలేదు. ఆయన చెప్పారు: "బిళ్ళ ఏసుకుంటే తడిసిన గోనెసంచి కప్పుకున్నట్టుంటాదే. ఏది చెయ్యాలన్నా ఆ బరువు లేపాలి. ఏసుకోకపోతే ఆళ్ళు ఊరుకోరు. ఆళ్ళ కంటే గోనెసంచే నయం." మళ్ళీ ఆయనే, "కానీ మూడు సంచులెందుకే? ఒకటి తీసేత్తే ఏమవుద్ది?" అన్నారు. డాక్టరుగారికి రాయమన్నారు. ఇది నా మాట కాదు, మీ తమ్ముడి మాట. ఈసారి "బాగున్నాడు" అని చెప్పి లేచి రాకండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఈ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించండి.

మీ
లోవమ్మ


విశాఖపట్నం
10-7-1956

చిరంజీవి లోవమ్మకు దీవెనలు.

చదివాను. మొదటి నుంచి చివరి దాకా, పొలిమేర దాకా వెళ్ళొచ్చిన అమ్మవారితో సహా. పాత ఉత్తరంలో ఉప్పు సంగతి కూడా చదివాను. డాక్టరుగారు నవ్వలేదు. గోనెసంచి మాట దగ్గర మళ్ళీ చదవమన్నారు. కాగితం తీసుకుని రాసుకున్నారు.

"అందరూ వచ్చి గొడవ చేస్తున్నాడండీ అంటారు, లేదంటే గొడవ చెయ్యట్లేదండీ అంటారు. మధ్యలో మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పేవాళ్ళు లేరు. ఇది కొత్త మందమ్మా, మాకూ ఇంకా తెలియనివి ఉన్నాయి. ఎంత ఇవ్వాలన్నది నా పుస్తకంలో ఉంది కానీ ఎంత చాలన్నది మీ తమ్ముడే చెప్పాలి" అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం బిళ్ళ తీసేశారు. పొద్దున సగం, రాత్రి ఒకటి. వేళ్ళ వణుకుకి వేరే బిళ్ళ ఒకటి ఇచ్చారు. ఎండలోకి వెళితే గొడుగు, నిండు చేతుల చొక్కా. ఆ గొంతులు మళ్ళీ కాస్త వినిపిస్తే వినిపించవచ్చునట. వాటితో వాడు తిని, పడుకుని, పని చేసుకోగలిగితే కంగారు పడొద్దన్నారు. నిద్ర తప్పినా, కంచం తోసినా వెంటనే టెలిగ్రాం కొట్టాలి. దీపావళి వెళ్ళాక వాణ్ణి ఒకసారి చూపించాలి.

నాకు భయంగా ఉంది లోవా. నువ్వేమన్నా అనుకో. వాడి జుట్టు ఇంకా నా గుప్పిట్లో ఉన్నట్టే ఉంటుంది. వదిలెయ్యమంటున్నారు అందరూ. నీ కోసం కాదు, వాడే అడిగాడు కనక వదులుతున్నాను.

నీ వదిన
అచ్చాయమ్మ


అంబాజీపేట
21-10-1956

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

మూడు ఉత్తరాలకి మూడు ముక్కల్లో జవాబిచ్చానని కోప్పడ్డారు. ఏదైనా రాస్తే దిష్టి తగులుతుందేమోనని భయపడ్డాను. ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది, తీరిగ్గా రాస్తాను.

కొండయ్యగారి కొట్టులో ఆయన్ని ఎండలోంచి అటక మీదకి మార్చారు. కురిడీల పని. మీకు పట్నం వెళ్ళి మరుపొచ్చి ఉంటుంది. కాయని అటక మీద నెలల తరబడి ఉంచితే లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా గలగలమంటుంది. ఒక్కొక్కటే ఊపి, పలికినదాన్ని కిందికి దించాలి, పలకనిదాన్ని తిప్పి పెట్టాలి. చల్లటి చోటు, తొందర లేని పని. మొదట్లో పలికినవీ పలకనివీ కలిపేసేవారు. కొండయ్యగారు మళ్ళీ ఏరించుకునేవారు. ఇప్పుడు తప్పులు తగ్గాయి. పోయిన వారం వేరే పనివాడు దించిన కాయ ఊపి చూసి, "ఇది ఇంకా అవ్వలేదండి" అన్నారట. ఆ మాట కొండయ్యగారే మా గుమ్మంలోకొచ్చి చెప్పివెళ్ళారు.

గొంతులు పూర్తిగా పోలేదు. అది మీకు దాచను. అడిగితే, "ఉన్నారే. పక్కింటోళ్ళు గోడవతల మాట్లాడుకుంటున్నట్టుంది. మన గురించేమో అనిపిస్తాది. ఒక్కోసారి నాలుగు కాయలు గట్టిగా ఊపుతాను, అప్పుడు ఇనపడదు" అన్నారు. అలా ఊపిన రోజు మాత్రం పని సాగదు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడకుండా పడుకుంటారు. నేనూ కదపను. అలాంటి రోజులు ఉన్నాయి, కానీ అన్నీ అలాంటివి కావు.

తాటాకు గొడుగు వేసుకుని, నిండు చేతుల చొక్కాతో కొట్టుకి వెళుతుంటే వీధిలో "పెళ్ళికొడుకుగారు ఎటేపండీ?" అని ఆట పట్టిస్తున్నారు. మొన్న ఆయన ఆగి, "ఆయ్, మీ ఇంటికేనండి, పిల్లనిత్తారా?" అన్నారట. అత్తగారు ఆ సంగతి మూడిళ్ళకి వెళ్ళి చెప్పొచ్చారు. నాకు మాత్రం చెప్పలేదు, నేను ఉడుక్కుంటానని.

పులుసు సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మొన్న మళ్ళీ ఉప్పు వెయ్యకుండా పెట్టాను. రెండు ముద్దలు తిని ఆగారు. కంచంలోకి చూశారు. మంచినీళ్ళు తాగి మిగతాది తినేశారు. ఏమీ అనలేదు. "బాగుంది" అని కూడా అనలేదు. ఇంతవరకు వచ్చాం వదినగారూ. నేను తృప్తిగానే ఉన్నాను. ఇంతకంటే రాకపోయినా ఉంటాను.

వచ్చే నెల ఆసుపత్రికి ఒక్కడినే వెళతానంటున్నారు. ముక్తేశ్వరంలో రేవు దాటి, కోటిపల్లిలో బస్సెక్కి, సామర్లకోటలో రైలెక్కాలి. నాకు భయంగానే ఉంది. కానీ గోదారి దాటుతానని నోటితో అడిగిన మనిషిని వద్దని ఎలా అనను? సామర్లకోట స్టేషనుకి అన్నయ్యగారిని రమ్మనండి. అక్కడి దాకా మీ తమ్ముడికే వదిలేద్దాం. ఆయన వెంట నేను రావడం లేదు. రావాలని లేక కాదు.

మీ
లోవమ్మ


విశాఖపట్నం
24-11-1956

చిరంజీవి సౌభాగ్యవతి లోవమ్మకు వదిన అచ్చాయమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

సామర్లకోటలో మీ అన్నయ్యగారు స్టేషనంతా వెతుకుతూ గాభరా పడుతుంటే వెనక నుంచి వచ్చి, "బావగారూ, ఎవరికోసమండీ?" అన్నాడట నీ పెనిమిటి. చంకలో తాటాకు గొడుగు. దాన్ని రైల్లో ఎలా పట్టించాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డాక్టరుగారి దగ్గర నేను మాట్లాడటానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపి వాణ్ణి అడిగారు. వాడు నెమ్మదిగా, ఆగి ఆగి, అంతా చెప్పాడు. గొంతులు, గోడవతలి పక్కింటివాళ్ళు, పడుకుండిపోయే రోజులు, కురిడీలు. పొద్దున సగం బిళ్ళ కూడా తీసెయ్యనా అని ఆయన అడిగారు. వాడు ఆలోచించి, "ఒద్దండి. ఇప్పుడు చాలండి. ఇది తీత్తే ఆళ్ళు గోడ దూకుతారండి" అన్నాడు. డాక్టరుగారు నవ్వి, అలాగే ఉంచుదాం అన్నారు. నేను నిర్ణయించాల్సింది ఏమీ మిగల్లేదు. బయటికొచ్చాక గేటు దగ్గర నా కాళ్ళు అలవాటుగా ఆగిపోయాయి. అప్పట్లో అక్కడే వాణ్ణి లోపల వదిలి వచ్చేదాన్ని. వాడు నన్ను దాటి వెళ్ళి రిక్షా పిలిచాడు.

ఇంక అసలు సంగతి. నిన్న వాడి కోసం బొమ్మిడాయిలు తెప్పించి పులుసు పెట్టాను. నా పులుసుకి ఈ వీధిలో ఎంత పేరుందో నీకు మీ అన్నయ్యగారు చెప్పే ఉంటారు. వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అక్కా, ఉప్పు చాల్లేదే" అన్నాడు.

నేను రుచి చూశాను. మీ అన్నయ్యగారూ చూశారు. లోవా, ఉప్పు సరిగ్గా ఉంది. ఇంకో ఉప్పుకల్లు పడితే పాడయ్యేది. "సరిపోయిందిరా" అన్నాను. వాడు ఇంకో ముద్ద తిని, తల అడ్డంగా ఊపి, "ఏమోనే. లోవ పెడితే ఇలాగుండదు. నేను రేపు ఇంటికెల్లిపోతాను" అన్నాడు. ఇంకో వారం ఉండరా, సముద్రం చూపిస్తాను అన్నాను. ఉండనన్నాడు. బతిమాలాను. ఉండనన్నాడు. ఈ నాలుగేళ్ళలో వాడు నాకు ఒకటి కాదని చెప్పడం ఇదే మొదటిసారి.

పక్కగదిలోకి వెళ్ళి నేనూ ఏడ్చాను. నువ్వు దొడ్లో ఏడ్చినందుకు తిట్టాను కదా, ఇప్పుడు సమానమైపోయాం.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. వాడి జేబులోనే పెట్టి పంపుతున్నాను. సామర్లకోట దాకా కూడా మీ అన్నయ్యగారిని తోడు పంపడం లేదు. బిళ్ళలు సంచిలో ఉన్నాయి, వేళలు వాడికే తెలుసు. ఇది తెచ్చినవాడికి ముందు కాళ్ళకి నీళ్ళిచ్చి, పులుసు పెట్టు. ఉప్పు చూసి వెయ్యి, వాడు వంక పెడతాడు.

నీ వదిన
అచ్చాయమ్మ